కాలి పిక్కలు అదురుతున్నాయని జయనగర్ న్యూరాలజీ క్లినిక్‌కి వెళ్తే

వెయిటింగ్ ఎక్కువ, మెట్లు ఎక్కువ, రిసెప్షన్‌లో ఓపిక తక్కువ. అయినా ఒంట్లో కండరాలు వాటంతట అవే అదురుతున్నాయని భయపడుతున్న వాళ్ళెవరైనా బెంగళూరులో ఎక్కడ చూపించుకోవాలని నన్నడిగితే ఈ క్లినిక్‌కే పంపిస్తాను. ఇక్కడి డాక్టరు నా చెప్పులు విప్పించి, మడమల మీద నడిపించి, నాలుక చూసి, సుత్తితో మోకాళ్ళు తట్టి, అప్పుడు "ఇది టెన్షన్‌తో వచ్చిందేనమ్మా" అన్నారు. అంతకు ముందు మా ఇంటి దగ్గరి డాక్టరు కూడా ఇదే అన్నారు, కంప్యూటర్ మీంచి తల ఎత్తకుండా. ఆయన మాట విని వచ్చిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఈయన మాట విన్న రాత్రి పట్టింది. నేను కట్టిన తొమ్మిది వందలు ఆ తేడాకే.

క్లినిక్ పేరు ఇక్కడ రాయను. మంచితో పాటు చెడూ రాస్తున్నాను, పైగా ఆ డాక్టరు దగ్గర ఇప్పటికే కూర్చోడానికి చోటు లేదు. జయనగర్ ఫోర్త్ బ్లాక్ దగ్గర, అంతవరకే.

నేను బొమ్మసంద్రలో ఒక గార్మెంట్ ఫ్యాక్టరీలో అకౌంట్స్ చూస్తాను. మాది హిందూపురం. సెప్టెంబర్ 30 టాక్స్ ఆడిట్ రిపోర్టుకి ఆఖరి తేదీ అని ఈ పనిలో ఉన్నవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. 2025లో సెప్టెంబర్ చివరి వారంలో దాన్ని అక్టోబర్ 31కి పెంచారు గానీ, అప్పటికే నా ఎడమ కన్ను కింది రెప్ప అదరడం మొదలుపెట్టింది. అమ్మకి ఫోన్లో చెప్తే, "ఎడమ కన్నే కదమ్మా, ఆడోళ్ళకి మంచిదేలే. అశోకవనంలో సీతమ్మకీ ఎడమ కన్నే అదిరింది" అంది. సీతమ్మకి హనుమంతుడొచ్చాడు. నాకు జీఎస్టీ నోటీసు వచ్చింది.

రెప్పతో ఆగి ఉంటే నేనూ నవ్వుకుని ఊరుకునేదాన్నే. తర్వాత పిక్కలు మొదలయ్యాయి. పగలు తిరుగుతున్నంత సేపు ఏమీ ఉండదు. రాత్రి పడుకుని కాళ్ళు చాపగానే ఎడమ పిక్కలో, కాసేపటికి కుడి పిక్కలో, నీళ్ళ కింద చేపపిల్ల కదిలినట్టు చర్మం కింద చిన్న కదలిక. నొప్పి లేదు. కాలు కదలదు. కానీ కళ్ళకి కనిపిస్తుంది. మా ఆయన్ని లేపి చూపిస్తే, చూసి, "నిజమేనే" అన్నారు. ఆ మాట అనకుండా ఉన్నా బాగుండేది.

ఇక నెట్‌లో వెతకడం. ఇంగ్లీషులో వెతికితే నాలుగో వరసకల్లా ఏఎల్ఎస్ అనే జబ్బు దగ్గర తేలతాం, కండరాలని కదిపే నరాలు ఒక్కొక్కటే చచ్చిపోయే జబ్బు. 1963లో, 21 ఏళ్ళకే స్టీఫెన్ హాకింగ్‌కి బయటపడింది ఆ జబ్బే. అది చాలదన్నట్టు ఇంకొంచెం కిందికెళ్తే మన దక్షిణాదికి సొంతంగా ఒకటుంది, మద్రాస్ మోటార్ న్యూరాన్ డిసీజ్ అని. 1970లో మద్రాసు డాక్టర్లు మొదట వర్ణించారు కాబట్టి ఆ పేరు. పేరులో పక్క ఊరు కనబడేసరికి జబ్బు పక్కింటికి వచ్చినట్టే అనిపించింది నాకు. ఆ వారమంతా ఫ్యాక్టరీ కటింగ్ సెక్షన్ నుంచి టేపు తెచ్చుకుని రాత్రిళ్ళు రెండు పిక్కలూ కొలిచాను. గార్మెంట్ ఫ్యాక్టరీలో టేపులకి కొదవ లేదు కదా.

క్లినిక్ సంగతికి వస్తాను. యెల్లో లైన్ మెట్రో వచ్చాక మా వైపు వాళ్ళకి జయనగర్ వెళ్ళడం తేలికైంది. బొమ్మసంద్రలో ఎక్కితే సిల్క్ బోర్డు జంక్షన్ మీదుగా ఆర్వీ రోడ్డు దాకా కూర్చునే వెళ్ళొచ్చు, అక్కడ గ్రీన్ లైన్ మారితే జయనగర్ ఒక్క స్టేషనే. స్టేషన్ నుంచి ఆటో అక్కర్లేదు. క్లినిక్ మాత్రం పాత ఇంటి మొదటి అంతస్తులో ఉంది, లిఫ్ట్ లేదు. కింద మందుల షాపు. ఇది నరాల డాక్టరు దగ్గరికి వచ్చే దారి అని కట్టినవాళ్ళకి తెలియకపోవచ్చు, అద్దెకి తీసుకున్నవాళ్ళకి తెలియాలి. నేను వెళ్ళిన రోజు ఒక పెద్దాయన్ని, ఒక పక్క పడిపోయినట్టుంది, కొడుకూ ఆటో అతనూ కలిసి కుర్చీతో సహా మోసుకొచ్చారు. నా పిక్కల గోల మర్చిపోయి మెట్ల మీద పక్కకి జరిగి నిలబడ్డాను.

ఐదున్నరకి అపాయింట్‌మెంట్ ఇచ్చి ఏడు దాటాక పిలిచారు. వెయిటింగ్ హాల్లో టీవీలో కన్నడ న్యూస్ చానల్, గొంతు చించుకుంటూ. టెన్షన్‌తో వచ్చేవాళ్ళకి అది పెట్టాలన్న ఆలోచన ఎవరికి వచ్చిందో. రిసెప్షన్‌లో అమ్మాయి ఫైలు రాసుకుంటూనే, "నర్వ్ టెస్ట్ డాక్టరు ఎలాగూ రాస్తారు మేడమ్, ఇప్పుడే కట్టేస్తే ఈరోజే అయిపోతుంది" అంది. నాలుగున్నర వేలు. నేను కట్టలేదు. అడిగిన వెంటనే కట్టేస్తున్నవాళ్ళు ఇద్దరు ముగ్గురు కనిపించారు. డాక్టరు చూడకముందే టెస్టుకి డబ్బు అడగడం ఈ క్లినిక్‌లో నాకు అస్సలు నచ్చని విషయం. లోపలికెళ్ళాక ఆయనకీ చెప్పాను. ముఖం చిన్నబుచ్చుకుని, "నేను మాట్లాడతానమ్మా" అన్నారు. మళ్ళీ వెళ్ళినప్పుడు నా పక్కనామెని కూడా ఆ అమ్మాయి అలాగే అడిగింది. మాట్లాడారో లేదో మరి.

ఇప్పుడు అసలు విషయం. డాక్టరుది బళ్ళారి. తెలుగూ కన్నడమూ కలిపి కొట్టే మన సరిహద్దు మాట. మొదట నన్ను పూర్తిగా చెప్పనిచ్చారు. ఎప్పుడు మొదలైంది, ఎక్కడెక్కడ, పని చేస్తున్నప్పుడా ఖాళీగా ఉన్నప్పుడా, ఒకే చోటా మారుతోందా. అడిగిన ప్రశ్నల్లో నేను ఊహించనివి కొన్ని: జాకెట్ హుక్స్ పెట్టుకోవడం కష్టమవుతోందా, దోసె పెనం ఒంటి చేత్తో ఎత్తగలుగుతున్నారా, నడుస్తుంటే చెప్పు జారిపోతోందా, నీళ్ళు తాగితే పొలమారుతోందా, మాట ముద్దగా వస్తోందని ఇంట్లో ఎవరైనా అన్నారా. అన్నిటికీ లేదు. ఆ "లేదు" చెప్పేకొద్దీ నాకే ఊపిరి కొంచెం కొంచెం తేలికైంది.

తర్వాత పరీక్ష. మడమల మీద నాలుగడుగులు, వేళ్ళ మీద నాలుగడుగులు. చేతులు చాచి వేళ్ళు విడదీయమని, ఆయన దగ్గరికి నొక్కుతుంటే ఆపమన్నారు. నోరు తెరిచి నాలుక బయట పెట్టకుండా లోపలే వదిలేయమన్నారు. బయట పెడితే ఎవరి నాలుకైనా వణుకుతుందట, ఊరికే ఉన్న నాలుక చూడాలట. సుత్తితో మోకాళ్ళు, మోచేతులు, మడమ వెనక. అరికాలి మీద తాళంచెవి మొనతో గీసి బొటనవేలు ఎటు కదులుతుందో చూశారు. బాబిన్‌స్కీ అనే ఫ్రెంచి డాక్టరు 1896లో చెప్పిన పరీక్ష ఇది. నూట ముప్పై ఏళ్ళు కావస్తున్నా, దానికి ఖర్చు ఒక తాళంచెవి. చివర్లో సల్వార్ మోకాళ్ళ దాకా పైకి లాక్కోమని, బల్ల మీద పడుకోబెట్టి, లైటు వేసి, ఏమీ మాట్లాడకుండా నా పిక్కల వైపే చూస్తూ కూర్చున్నారు. నిమిషం కాకముందే ఎడమ పిక్క అదిరింది. "ఆఁ, వచ్చింది" అన్నారు, రాక రాక వచ్చిన చుట్టాన్ని చూసినట్టు కాదు గానీ, మొత్తానికి సంతోషంగానే అన్నారు.

అప్పుడు చెప్పిన వివరం నాకు అర్థమైనంత వరకు రాస్తాను. వెన్నుపాము నుంచి వచ్చే ఒక్కో నరం కండరంలో కొన్ని పోగులని తన కింద పెట్టుకుని ఉంటుంది. మెదడు చెప్పకుండా ఆ నరమే చివర్లో ఎక్కడో దానంతటది సిగ్నల్ పంపితే, ఆ పోగులన్నీ ఒక్కసారి బిగుసుకుంటాయి. చర్మం కింద కనిపించేది అదే. కీలుని కదిపేంత బలం దానికి ఉండదు. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళలో ఇది చాలా మామూలు, అందులో పిక్కలు, కనురెప్పలు ముందుంటాయి. ఏఎల్ఎస్ లాంటి ప్రాణాంతకమైన జబ్బులో నరం చచ్చిపోతుంటే కండ అదురుతుంది, కాబట్టి అదురుతో పాటు బలం తగ్గడం, కండ కరగడం ఉంటాయి. కండ బలంగా ఉండి, పరీక్షలో ఏమీ తేడా లేకుండా, ఒకసారి ఇక్కడ ఒకసారి అక్కడ అదిరేది వేరే సంగతి. మద్రాసు పేరున్న జబ్బు గురించి అడిగితే, అది చిన్న వయసులో మొదలై, కాళ్ళూ చేతులూ సన్నబడి, ముఖం కండరాలు బలహీనపడి, చాలామందికి చెవుడు కూడా వచ్చేదని చెప్పి, "మీకు నా మాట వినిపిస్తోంది కదా?" అన్నారు. నవ్వొచ్చింది. నెల తర్వాత మొదటిసారి.

సరే, మరి టెన్షన్‌కీ పిక్కకీ లింకేమిటి? ఇంటి దగ్గరి డాక్టరు దగ్గర నాకు దొరకనిది ఈ జవాబే. ఈయన ఒక నిమిషం పాటు గబగబా లోతుగా ఊపిరి పీల్చి వదలమన్నారు, వాచీ చూస్తూ. నిమిషం అయ్యేసరికి పెదాల చుట్టూ తిమ్మిరి, వేళ్ళ కొసల్లో జిల్లు. ఆపమని, కారణం చెప్పారు. భయంలో మనకి తెలియకుండానే ఊపిరి ఎక్కువ తీస్తాం. రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గుతుంది, రక్తంలో క్షారగుణం కొంచెం పెరుగుతుంది, దాంతో నరాలకి అందుబాటులో ఉండే కాల్షియం తగ్గుతుంది. అలాంటప్పుడు నరం చిన్నదానికే సిగ్నల్ పంపేస్తుంది. దాని మీద అడ్రినలిన్, దాని మీద నిద్ర లేకపోవడం, దాని మీద కాఫీ. అయితే ప్రతి అదురుకీ టెన్షనే కారణమని ఆయన అనలేదు. ఎందుకొస్తుందో తెలియని అదుర్లు కూడా చాలా ఉంటాయని, టెన్షన్ ఉన్నవాళ్ళు వాటిని పట్టించుకునేది కూడా ఎక్కువేనని అన్నారు. అదిరిందని భయం, భయపడినందుకు ఇంకో అదురు. టేపు సంగతి చెప్తే, "కొలిచిన కొద్దీ తేడా వస్తుందమ్మా, ఎవరికైనా రెండు కాళ్ళూ ఒకే కొలత ఉండవు" అని, టేపు కటింగ్ సెక్షన్‌కి తిరిగి ఇచ్చేయమన్నారు.

ఆయన చెప్పిన ఒక అధ్యయనం గురించి ఇంటికొచ్చి చూసుకున్నాను. అమెరికాలో మేయో క్లినిక్ వాళ్ళు ఇలా అదుర్లు తప్ప వేరే దోషం లేని 121 మందిని రెండేళ్ళ నుంచి 32 ఏళ్ళ దాకా గమనించి 1993లో రాశారు. వాళ్ళలో ఒక్కరికీ ఏఎల్ఎస్ లాంటి మోటార్ న్యూరాన్ జబ్బు రాలేదు. మనలాంటి లెక్కల మనుషులకి ఇలాంటి ఒక్క వాక్యం పది ఓదార్పులకి సమానం.

రక్త పరీక్షలు రాశారు: థైరాయిడ్, కాల్షియం, మెగ్నీషియం, పొటాషియం, బీ12, సీకే (కండ దెబ్బతింటే రక్తంలో పెరిగేది). నాకు అన్నీ సరిగ్గా ఉన్నాయి, విటమిన్ డి తప్ప. బెంగళూరు ఆఫీసుల్లో అది ఎవరికి బాగుంటుంది లెండి. అప్పటికే ఆఫీసులో ఒకావిడ చెప్పిందని మెగ్నీషియం మాత్రలు వాడుతున్నాను. రక్తంలో తక్కువ ఉంటే తప్పక పనిచేస్తుంది గానీ, లేనప్పుడు మింగితే అదురు ఆగుతుందని నమ్మకం పెట్టుకోవద్దన్నారు. ఎక్కువైతే విరేచనాలు, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళు సొంతంగా అసలు వాడకూడదు. నాకు విరేచనాల దాకా వచ్చింది, కాబట్టి ఆ డబ్బా రివ్యూ ఇంతటితో సమాప్తం. మా ఆయన వాచీలో స్ట్రెస్ స్కోరు కూడా చూపించాను. గుండె కొట్టుకోవడంలో చిన్న చిన్న తేడాలని బట్టి అది వేసే అంచనా మాత్రమేనని పక్కన పెట్టేశారు. కూరగాయల సంచితో మెట్లెక్కినా ఆ వాచీ నాకు స్ట్రెస్ ఎక్కువనే చూపించేది.

ఇక నర్వ్ టెస్టు, అంటే ఎన్‌సీవీ, ఈఎంజీ. వైద్యం లెక్కన అవసరం లేదనీ, మనసు ఒప్పుకోకపోతే చేయించుకోమనీ డాక్టరు అన్నారు. నా మనసు ఒప్పుకోలేదు. మొదటి భాగంలో టెక్నీషియన్ చర్మం మీద చిన్న చిన్న షాకులు ఇస్తుంది. ఇస్త్రీపెట్టె షాకు కొట్టినంత ఉండదు గానీ కాలు ఎగురుతుంది. రెండో భాగంలో డాక్టరే సన్నటి సూది కండలోకి దించి, కండ ఊరికే ఉన్నప్పుడు, బిగించినప్పుడు మెషీన్‌లో శబ్దం వింటారు. సూది నొప్పి ఉంది, లేదంటే అబద్ధం. పిక్కలో భరించొచ్చు, బొటనవేలి మొదట్లో గుచ్చినప్పుడు మాత్రం "అమ్మా" అన్నాను. కండ ఊరికే ఉన్నప్పుడు నిశ్శబ్దం, అప్పుడప్పుడు ఒక టప్. ఆ టప్ నా అదురు. నరం దెబ్బతిన్న గుర్తులేవీ లేవని అక్కడే చెప్పేశారు. చేతికిచ్చిన రిపోర్టు మాత్రం రెండు పేజీల అంకెలు, చివర ఒక్క ఇంగ్లీషు లైను. కౌంటర్‌లో దాన్ని వివరించే మనిషి లేరు.

నాలుగున్నర వేలకి విలువ ఉందా? నాకు సగమే అనిపించింది. రిపోర్టు వచ్చిన వారం హాయిగా ఉన్నాను. ఆ పైవారం కుడి భుజం అదిరింది. వెంటనే మనసు "టెస్టు కాలికి, చేతికి చేశారు, భుజానికి చేయలేదుగా" అని మొదలుపెట్టింది. డాక్టరు ముందే హెచ్చరించారు, టెస్టు ఇచ్చే ధైర్యం మందులాగే కొన్నాళ్ళకి దిగిపోతుందని, దిగిన ప్రతిసారీ ఇంకో టెస్టు వద్దని. పరీక్షగదిలో సుత్తితో తట్టి, ఊపిరి తీయించి చెప్పిన మాటలు మాత్రం దిగిపోలేదు. భుజం అదిరినప్పుడు నన్ను ఆపినవి అవే. అందుకే కన్సల్టేషన్‌కి నా మార్కులు ఎక్కువ, టెస్టుకి తక్కువ.

మందులు దాదాపు ఏమీ రాయలేదు. మధ్యాహ్నం తర్వాత కాఫీ మానమన్నారు. కాఫీలో కెఫీన్ సగం దిగడానికే ఐదారు గంటలు పడుతుందట. ఫ్యాక్టరీ క్యాంటీన్‌లో సాయంత్రం ఫిల్టర్ కాఫీ మానడం నాకు సూది కన్నా కష్టమైంది. పడుకునే ముందు ఊపిరి నెమ్మదిగా తీసి, ఇంకా నెమ్మదిగా వదలమన్నారు. రెండు నెలల్లో భయం తగ్గకపోతే సైకాలజిస్టుని కలవమని, చీటీ వెనక 14416 అని రాసిచ్చారు. అది మానసిక సమస్యలకి ఫోన్లో సాయం చేసే టెలి మానస్ నంబరు, 2022 అక్టోబర్‌లో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టింది, మన బెంగళూరు నిమ్హాన్స్ ఆసుపత్రి దాని ముఖ్య కేంద్రం. ఉచితం, రాత్రీ పగలూ ఉంటుంది, తెలుగులోనూ మాట్లాడతారు. నాకింకా అవసరం పడలేదు, ఫోన్లో సేవ్ చేసి పెట్టుకున్నాను. నా చెల్లెలికీ పంపాను, తను ఎందుకని అడగలేదు.

ఇప్పుడు ఎలా ఉందంటే, రెప్ప ఆగిపోయింది. రిటర్నులు వేశాకే ఆగింది, మందుల వల్ల కాదు. పిక్కలు అప్పుడప్పుడు అదురుతూనే ఉన్నాయి. లేచి చూడడం మానేశాను.

ఎవరు వెళ్ళాలి అంటే: అదురుతో పాటు చెయ్యో కాలో బలం తగ్గుతున్నా, కండ సన్నబడుతున్నా, మింగడం, మాట కష్టమవుతున్నా ఆగకుండా వెళ్ళండి, ఈ క్లినిక్ కాకపోతే దగ్గర్లో ఏ న్యూరాలజిస్టు అయినా సరే. రెప్ప అదురు వారాల తరబడి ఆగకపోయినా, కన్ను మొత్తం మూసుకుపోతున్నా, బుగ్గ, మూతి కూడా లాగుతున్నా చూపించాలి. ఆస్తమా పఫ్ వంటి మందులు వాడుతుంటే ఆ చీటీలు తీసుకెళ్ళండి, కొన్ని మందులు కూడా వణుకు తెప్పిస్తాయి. ఇవేవీ లేకుండా నాలాగా పిక్క మాత్రమే అదురుతుంటే, నిద్ర, కాఫీ సంగతి చూసుకుని కొన్నాళ్ళు ఆగి వెళ్ళినా నష్టం లేదు.

వెళ్ళేవాళ్ళు శనివారం సాయంత్రం వద్దు, వారం మధ్యలో పొద్దున వెళ్తే గంటలో అయిపోతుంది. మోకాలి దాకా పైకి లాక్కోగలిగే బట్టలు వేసుకోండి. నర్వ్ టెస్టు ఉంటే ఆ రోజు కాళ్ళకీ చేతులకీ నూనె, లోషన్ రాయకండి, రక్తం పలచన చేసే మందులు వాడుతున్నా, పేస్‌మేకర్ ఉన్నా ముందే చెప్పండి. పదిహేను రోజుల్లోపు మళ్ళీ వెళ్తే ఫీజు లేదు, రసీదు మాత్రం దాచుకోవాలి. మెట్లు ఎక్కలేనివాళ్ళని తీసుకెళ్తుంటే ముందు ఫోన్ చేసి అడగండి, కింద మందుల షాపు వెనక గదిలో చూస్తారని నాకు ఆఖరి రోజు తెలిసింది. ఆ సంగతి బోర్డు మీద ఎక్కడా రాసి లేదు.